కిటికీ కింది చోటు

నిన్న పొద్దున ఆఫీస్‌కి వెళ్తూ ట్రైన్‌లో ఉన్నా. నాన్న ఫోన్. "అత్త పోయింది, ఇంటికి రా" అని పెట్టేశాడు.

ఏ అత్త అని అడగబోయాను. మా సాయమ్మత్త చావదని నాకంత నమ్మకం.

క్యాన్సర్ నుంచి బయటపడ్డ మనిషి, నాలుగు రోజుల నిమోనియాకి పోతుందా?

గ్రూప్‌లో అందరూ "ఫైటర్" అని పెడుతున్నారు. థాంక్స్. ఆరేళ్లుగా ఆమె ఎక్కడ పడుకునేదో మా చాల్ బిల్డింగ్ వాళ్లకి తెలుసు. మిగతావాళ్ల కోసం రాస్తున్నా.

అత్త నాన్నకి అక్క. కామాటిపురలో మాది ఒకటే రూమ్, ఆరుగురం. ఎవరు పడుకునే చోటు వాళ్లదే. కిటికీ కింద అత్తది. మొగుడు చనిపోయి పుట్టింటికి తిరిగొచ్చినప్పటి నుంచీ అక్కడే.

రొమ్ము క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్, కీమో, ఆ తర్వాత కరెంటు పెట్టడం. రేడియేషన్‌ని మా ఇంట్లో అలాగే అంటారు.

ఇరుకు రూమ్‌లో ఇన్ఫెక్షన్ వస్తుందని హాస్పిటల్ దగ్గర ధర్మశాలలో ఎనిమిది నెలలు ఉంచాం. మొదట్లో వంతులేసుకుని వెళ్లాం. తర్వాత నాన్న ఒక్కడే వెళ్లేవాడు.

ఈలోపు అమ్మ ఆమె చీరలు పంచేసింది. నేను ట్వెల్త్. కిటికీ కింద నాకు టేబుల్ వేశారు. టేబుల్ కిందికి కాళ్లు పెట్టి అక్కడే పడుకునేదాన్ని.

ఆమె తిరిగి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం వచ్చేసింది. మూడు ఫ్లోర్లు తనే ఎక్కింది. అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు, చంకలో ఫైల్, చేతిలో ఫోరస్ రోడ్ నుంచి తెచ్చిన దూద్‌పేడాల డబ్బా.

"రోగం సాఫ్ అయింది తమ్మీ" అంది నాన్నతో.

అందరం టేబుల్ వైపు చూశాం. ఆమె కూడా చూసింది.

ఫైల్ నాకిచ్చి చదవమంది. ఇంట్లో ఇంగ్లిష్ వచ్చింది నాకొక్కదానికే. మందులు చదివాను. చెకప్‌లు చదివాను. చివర ఒక లైన్ ఉంది. రేడియేషన్‌కి ఊపిరితిత్తి బలహీనపడింది, చలి, తడి, దుమ్ము తగలనివ్వకూడదు అని.

ఆ లైన్ చదవలేదు.

"గింతేనా బిడ్డా?"

"అంతే అత్తా."

పేడాలు పంచి, చాప తీసుకెళ్లి బయట వరండాలాంటి గ్యాలరీలో గుమ్మం పక్కన పరుచుకుంది. "నువ్వు సదువుకో. నాకు బయట గాలి మంచిగుంటది" అంది.

భలే మనిషి. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమె బిందె పక్కనుంచి తమవి జరిపేశారని తెలిసి, మర్నాడు అందరికంటే ముందే వెళ్లింది. వరసలో ఉన్న ఒక్కో బిందెనీ చేత్తో తట్టుకుంటూ పోయింది. "ఇగ అందరికొచ్చింది. నీళ్లు వట్టుకోండ్రి" అంది. చాల్ అంతా నవ్వింది.

నేనూ నవ్వాను, కిటికీ దగ్గర నిలబడి.

ట్వెల్త్ అయింది. బీకాం అయింది. ఉద్యోగం వచ్చింది. టేబుల్ అక్కడే ఉంది. గ్యాలరీకి ప్రతి వానాకాలం వాన ఆపడానికి తాడ్‌పత్రి పట్టా కట్టేవాళ్లం, ప్రతిసారీ ఓ మూల కారేది. అత్తకి దగ్గు మొదలైంది. ఎవరైనా అడిగితే దుమ్ము అనేది.

చెకప్ రిపోర్ట్ ప్రతిసారీ క్లియర్. నేనే చదివి చెప్పేదాన్ని. "మై ఫైటర్" అని స్టేటస్ కూడా పెట్టేదాన్ని. సిగ్గు లేదు నాకు.

క్యాన్సర్ తిరిగి రాలేదని నిన్న డాక్టర్ కూడా అన్నాడట.

బాడీని ఇంటికి తెచ్చారు. మనిషిని కాళ్లు చాపి పడుకోబెట్టే చోటు మా రూమ్‌లో ఒక్కటే. నలుగురు కలిసి నా టేబుల్‌ని గ్యాలరీలోకి లాగేశారు.

మూడు గంటలు ఉంది అత్త, కిటికీ కింద. ఆరేళ్లకి.

స్నానాలయ్యాక ఆ చోట దీపం పెట్టారు. పదకొండో రోజు దాకా ఎవరూ పడుకోకూడదు. నేను అటే చూస్తూ కూర్చుంటే, టేబుల్ గురించి బాధ అనుకుంది అమ్మ.

"పదకొండు దినాలే గదా. అటెన్క లోపలికి దెచ్చుకుందువు తియ్" అంది.

టేబుల్ వానలో తడుస్తోంది. నేను ముట్టుకోలేదు.

అత్తా, ఆ లైన్ నేను చదవలేదు. నీకు తెలుసో లేదో అడిగే ధైర్యం ఎప్పుడూ రాలేదు.

ఈ పదకొండు రోజులు నీ చోట నువ్వు కాళ్లు చాపుకుని పడుకో. ఆ తర్వాత ఎక్కడున్నా, చలీ తడీ లేని చోట నీకు శాంతిగా ఉండాలి.