ఏటి ఇసుకలో పాత జీపు

మా ఆయన జీపు కొందామన్నప్పుడు నేను మళ్ళీ నీళ్ళోసుకుని మూడో నెల. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కంకిపాడు అవతల మా ఊరి దారి వానాకాలం వస్తే నల్లరేగడి బురదే. అంతకు ముందు ఏడాది నొప్పులు పడుతున్న నన్ను ఆసుపత్రికి తీసుకెళుతుంటే ఎడ్లబండి ఇరుసు దాకా దిగబడిపోయింది. మా ఆయన వెనక నుంచి భుజం ఆనించి తోసీ తోసీ, బండి బయటపడేసరికి కడుపులో బిడ్డ దక్కలేదు. ఈసారి కాన్పు కూడా సరిగ్గా వానల్లోనే. పోయిన బిడ్డ మాట మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కారు.

డెబ్బైల్లో పెట్రోలు ధర మండిపోయాక ఎవరిని అడిగినా డీజిలు బండే కొనమనేవారు. కొత్తది మా తాహతుకు మించింది. బెజవాడ ఆటోనగర్‌లో పాతదొకటి ఉందని మా అన్నయ్య కబురు పెట్టాడు. “ఈ ఎండలో నువ్వెందుకమ్మాయ్?” అని మామగారు అంటున్నా వినకుండా ఆయనతో, మా ఆయనతో పాటు నేనూ బస్సెక్కాను.

ఆటోనగర్‌లో అమ్మే ఆయన జీపు స్టార్ట్ చేయగానే వెనక నుంచి గుప్పున నల్ల పొగ.

“చూశారా బావగారూ, ఇంజను దమ్మున్నది” అన్నాడు అన్నయ్య.

“దమ్మేంటయ్యా! డీజిలు ఊరికే తాగేస్తుందని అర్థం” అన్నారు మామగారు.

కాసేపటికి పొగ తెల్లబడింది. ఇప్పుడు బాగుందన్నది మామగారు, బాగాలేదన్నది అన్నయ్య! బానెట్ మీద చెయ్యేస్తే చుర్రుమంది. చల్లగా ఉంటే మొరాయిస్తుందని అమ్మే ఆయన ఇంజను ముందే తిప్పి వేడెక్కించాడని ఒకరు, పెద్దవాళ్ళొస్తున్నారని మర్యాదకు తిప్పి ఉంచాడని ఇంకొకరు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఎవరు మాట్లాడితే వాళ్ళదే నిజమనిపించేది.

మా ఆయనేమో హారన్ కొట్టారు. లైట్లు వేసి చూశారు. టాపు గుడ్డకి చిరుగులున్నాయేమో తడిమారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం మనిషండీ ఈయన? హారన్ కోసమా కొంటున్నాం? ఆ బండీ, ఆ బురదా మరిచిపోయారా? మరిచిపోతే మరి ఈ జీపెందుకు? ఎటూ తోచలేదు.

“ఏవండీ, ఇది బురదలో వెళుతుందా?” అని పైకే అడిగేశాను.

మా ఆయన టాపు గుడ్డ ముడి విప్పి మళ్ళీ కట్టసాగారు.

“భలేవారే అమ్మగారూ! దీనికి ముందు చక్రాలు కూడా లాగుతాయండీ” అని అమ్మే ఆయన గేరు పక్కనున్న పొట్టి కడ్డీ చూపించాడు.

“అయితే ఏట్లో ఇసుకలోకి పోనివ్వండి, చూస్తాను.”

“ఇదెక్కడి చోద్యమమ్మా!” అన్నారు మామగారు. నేను మాత్రం కదల్లేదు.

యనమలకుదురు దగ్గర నన్ను ఏటి కరకట్ట మీదే దింపి జీపు ఇసుకలోకి దిగింది. అమ్మే ఆయన ఆ పొట్టి కడ్డీ లాగాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇసుక చిమ్మాయి, ముందువాటిలో చలనం లేదు. జీపు ఇరుసు దాకా దిగబడింది.

మా ఆయన ఒక్క ఉదుటున దూకి, వెనక భుజం ఆనించి తోయడం మొదలుపెట్టారు. “ఉండండి బావగారూ, చెక్కలేద్దాం” అని అన్నయ్య అంటున్నా వినరే! కళ్ళు గట్టిగా మూసుకున్నారు, మొహం ఎర్రబడిపోయింది. ఎవరి జీపో, ఏం తొందరని? మరిచిపోయారనుకున్నానే, నా మతి మండ! ఏడుపు ముంచుకొచ్చింది. “చాలండీ, ఆపండి” అని కట్ట మీద నుంచి అరిచాను.

చెక్కలేసి జీపును పైకి లాగాక అసలు సంగతి చెప్పాడు అమ్మే ఆయన. డీజిలు కలిసొస్తుందని ముందు చక్రాలను తిప్పే షాఫ్టును ఎప్పుడో ఊడదీసి, పెరటి తలుపుకు అడ్డం పెట్టుకున్నాడట. మామగారి తిట్లకు ఆ సాయంత్రమే తెచ్చి బిగించాడు.

నల్ల పొగ మంచిదో తెల్లది మంచిదో నాకు ఇప్పటికీ తెలియదు. భాద్రపదం ముసురులో నన్ను ఆసుపత్రికి చేర్చిందీ, మా అమ్మాయిని ఇంటికి తెచ్చిందీ ఆ జీపే. అయినా జీపంటే నాకు గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

మళ్ళీ అదే ఇసుక. ఈసారి ఎవరు వద్దన్నా వినకుండా నేనే ముందు సీట్లో కూర్చున్నాను. “మీరూ ఎక్కండి” అంటే, “పోనివ్వమను, నేను వెనకుంటా” అని మా ఆయన రెండు చేతులూ జీపుకు ఆనించి నిలబడ్డారు. అమ్మే ఆయన పొట్టి కడ్డీ లాగాడు. నాలుగు చక్రాలూ తిరిగాయి. జీపు తనంతట తనే ముందుకు వెళ్ళిపోయింది. తిరిగి చూస్తే ఆయన అక్కడే, తోయడానికి చాచిన చేతులు చాచినట్టే ఉంచి, వాటినేం చేసుకోవాలో తెలియక నిలబడి ఉన్నారు.