అయ్యవారు చాలు అనలేదు

మార్గశిర మాసం, ఆదివారం, పొద్దున ఆరుగంటల ఇరవై నిమిషాలు. తిరుపతి మైదానంలో తుపాకీ పేలింది. అరవై దాటిన ఆడవాళ్ళం అయిదుగురం పరుగు మొదలుపెట్టాం. పదివేల మీటర్లు, అంటే ఆ మైదానం చుట్టూ ఇరవై అయిదు చుట్లు. మొదటి ఇద్దరికి వేరే రాష్ట్రంలో జరిగే పెద్ద పోటీకి పిలుపు వస్తుంది. నాకు ఆ పిలుపు కావాలి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు టెంకలు తీసినదాన్ని. ఈ పిలుపుకు ముందు నాకంటూ ఏదీ కావాలని అడిగింది లేదు.

నాకు పరుగు నేర్పింది చిత్తూరులో రిటైరైన డ్రిల్లు అయ్యవారు. ఒకరోజు ఫ్యాక్టరీ బస్సు తప్పిపోతే వెంటపడి తర్వాతి స్టాపులో పట్టుకున్నాను. ఆయన అక్కడ నిలబడి టీ తాగుతున్నాడు.

"ఏమ్మే, వయసెంత నీకు?"

"యాభై ఎనిమిదో తొమ్మిదో. ఎందుకు సామీ, సంబంధం సూస్తాండావా?"

"బస్సును పట్టుకున్నదానివి, మనుషుల్ని పట్టుకోలేవా? రేప్పొద్దన గ్రౌండుకి రా."

వెళ్ళాను. అయిదేళ్ళు వెళ్ళాను. మోకాలు వాచిందని చూపిస్తే "ఇంకోటి బాగుండాది గదా" అనేవాడు. పోటీ ఫారంలో వేలిముద్ర వేస్తానంటే ఒప్పుకోలేదు, అక్షరాలు కూడా ఆయనే దిద్దించాడు. అక్షరాలు వచ్చాయి గానీ, పరుగులో లెక్క మాత్రం నిలిచేది కాదు. ఏడో ఎనిమిదో చుట్టుకు అంకెలన్నీ కలిసిపోయేవి.

"కాళ్ళు నీవి, లెక్క నాది. నేను సాలు అనేదాకా నిలబడొద్దు" అన్నాడు.

ఆ ఆదివారం ఆయన కంచె దగ్గర నా కూతురి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ నిలబడి అరిచే మనిషి. కూర్చున్నాడేమిటా అనుకున్నాను, అంతే. చుట్టుకొక అంకె అరిచాడు.

"పన్నెండు! సేతులు దించు!"

"పదహారు! నీ ముందరది అలిసిపొయినాదిమే, పట్టుకో దాన్ని!"

పద్దెనిమిదో చుట్టులో ఆమెను దాటి రెండో స్థానంలోకి వచ్చాను. "పంతొమ్మిది" అన్న మాట సన్నగా వినబడింది.

మళ్ళీ వచ్చేసరికి అంకె లేదు. కుర్చీ పడిపోయి ఉంది. ఆయన నేల మీద ఉన్నాడు, ఒక చెప్పు ఊడిపోయి ఉంది. కూతురు ఆయన రొమ్ము రుద్దుతోంది. నేను చూడలేదని ఇంట్లోవాళ్ళతో చెప్పాను. చూశాను. నిలబడితే తిడతాడని పరిగెత్తానని మరికొందరితో చెప్పాను. అదీ సగమే నిజం. వెనక ఆమె అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. అందుకని పరిగెత్తాను.

తర్వాతి చుట్టుకు కంచె దగ్గర ఎవరూ లేరు. ఆటోలో తీసుకుపోయారు. కాసేపటికి ఆఖరి చుట్టు గంట కొట్టారు, ఎవరికి కొట్టారో తెలియలేదు. తిరుగుతూనే ఉన్నాను. చివరకు పోటీ నడిపేవాళ్ళలో ఒకామె అడ్డంగా వచ్చి నడుం పట్టుకుని ఆపింది.

"అయిపొయినాదమ్మా! రెండు సుట్లు ఎక్కువ తిరిగినావు. నువ్వే సెకండు!"

"అయ్యోరు సాలనలేదే" అన్నాను.

ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. నా కూతురు చెప్పింది: "ఆటోలో గూడా లెక్క పెడతానే ఉన్నాడుమా. ఇరవై రెండు దాకా ఇన్నాను."

పదకొండో రోజు ఆయన భార్య దగ్గరికి పోయాను. ముందురోజు నుంచే రొమ్ము నొప్పి ఉందట. నాతో చెప్పొద్దన్నాడట.

"నువ్వు నిలబడింటే బతికుండునా? బతికుండడు. అయినా నిలబడాల్సిందిమ్మే" అంది. కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

పెద్ద పోటీకి పిలుపు కాగితం వచ్చింది. నేనే చదువుకున్నాను. పోలేదు.

ఇప్పుడు మా వీధిలో సగంమంది తామూ ఆ రోజు అక్కడే ఉన్నామంటారు. ఆయన నన్ను చెయ్యెత్తి పిలిచాడని ఒకరు, పిలవలేదని ఒకరు. వాళ్ళెవరూ అక్కడ లేరు. ఉన్నది వీళ్ళు: తుపాకీ పేల్చినాయన, గంట కొట్టినాయన, కాగితం మీద చుట్లకు గీతలు పెట్టినాయన, నన్ను పట్టుకుని ఆపినామె, నాతో పరిగెత్తిన నలుగురు ఆడవాళ్ళు, ఆటో నడిపినాయన, నా కూతురు, అయ్యవారు, నేను.