మూడో అరలో సదాశివ

పొద్దున ఏడున్నరకల్లా కమలాబాయి ల్యాబు తలుపు తీసేది. లైట్లు వేసి, చేతులు స్పిరిటుతో తుడుచుకొని, నేరుగా మూలనున్న ఇంక్యుబేటర్ దగ్గరికి పోయేది. మనిషి ఒంటి వేడి ఎంతో అంతే వేడిలో కణాలను పెంచే పెట్టె అది. మూడో అరలోంచి అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ సీసా ఒకటి తీసి, రెండు చేతుల మధ్య పెట్టుకొని ఒక నిమిషం కళ్లు మూసుకునేది. తర్వాత కొంగుముడి విప్పి, చిటికెడు విభూతి నుదుట పెట్టినట్టుగా దానికి రాసి, మళ్లీ లోపల పెట్టేది. సీసా మీద పేరు లేదు, నంబరే ఉంది. ఆ నంబరు ఎవరిదో ఆ ల్యాబులో ఆమె ఒక్కదానికే తెలుసు.

అందులో ఉన్నవి ఆమె భర్త సదాశివ గొంతులోంచి తీసిన కణాలు.

మెట్టుగూడలో వాళ్లిల్లు మా ఇంటికి రెండిళ్ల అవతల. సదాశివ రైల్వే వర్క్‌షాపులో బోగీలకు రంగు వేసేవాడు. గొంతు పెద్దది. సందు మొదట్లోనే "కమలా, చాయ్ పెట్టు" అని కేకేస్తే, మా ఇళ్లల్లో కూడా గిన్నెలు పొయ్యెక్కేవి. అలాంటి గొంతులో గడ్డ లేచింది. కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. గడ్డ కరిగింది, ఎనిమిది నెలలకు మళ్లీ వచ్చింది. పరిశోధనకు ఆ గడ్డలోంచి చిన్న ముక్క ఇస్తారా అని డాక్టర్లు అడిగినప్పుడు ఆయనకు అప్పటికే మాట లేదు. కాగితం మీద రాశాడు: "నాకు పనికిరానిది ఇంకొకరికి పనికొస్తే తీసుకోండి." కింద సంతకం పెట్టాడు. దేవుడి లీల ఏమిటో, ఆ ముక్క చేరింది కమలాబాయి పదకొండేళ్లుగా గాజు సామాను కడుగుతున్న ల్యాబుకే. ఆ రోజు ఆస్పత్రి నుంచి వచ్చిన ఐసు పెట్టె ఒక్కటే. దాన్ని అందుకున్నది, దాని మీది నంబరు గుర్తుపెట్టుకున్నది ఆమే. కార్తీకంలో ఆయన పోయాడు.

ఆ కణాల మీద పని చేసేది ఝాన్సీలక్ష్మి, తెనాలి అమ్మాయి. రోజూ రెండు డబ్బాల్లో ఉప్మా తెచ్చి, "నాకు ఎక్కువైంది ఆంటీ" అని అబద్ధమాడి ఒకటి కమలాబాయికి పెట్టేది.

"కరెంటు తగిలిన కణం అప్పుడే చావదు ఆంటీ," అని ఒకరోజు చెప్పింది. "రెండుగా విడిపోబోయినప్పుడు దాని పని అయిపోతుంది. కొన్ని మాత్రం తమ గాయాన్ని తామే కుట్టేసుకుని మళ్లీ లేస్తాయి. ఎందుకు లేస్తున్నాయో కనుక్కోవాలి. మొండి ఘటాలు!"

"మొండితనం నాకెరుకే మేడం," అని కమలాబాయి నవ్వింది. ఆ నవ్వు ఎందుకో ఝాన్సీకి తెలియలేదు.

ఎండలు ముదిరేసరికి ఆ సీసాల్లో బూజు పడటం షురూ అయింది. గులాబీ రంగు ద్రవంలో దూదిపింజల్లా తేలేది. ఝాన్సీ అన్నీ పారేసి, అరలు కడిగి, గడ్డకట్టించి దాచిన గొట్టాల్లోంచి మళ్లీ పెంచింది. మళ్లీ బూజు. మూడోసారి స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది.

"నీ చేతులకంటే సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం నయం అన్నారు ఆంటీ, ల్యాబు పెద్ద సారు. నేనేం చేశాను? బయటి నుంచి దుమ్మో, బూడిదో, ఏదో వచ్చి పడుతోంది..."

కమలాబాయి చేయి కొంగుముడి మీదికి పోయింది.

"మేడం, జెర నా మాట వినుండ్రి. తప్పు మీది కాదు, నాది." ముడి విప్పి బల్ల మీద పెట్టింది. అంతా చెప్పింది.

ఝాన్సీ స్టూలు మీంచి లేచి నిలబడింది.

"సీసా మూత గాలి పీలుస్తుందని మీకు తెలియదా ఆంటీ? ఇన్నేళ్లుగా చూస్తున్నారే!"

"మూతకు దూరంగనే రాసిన మేడం. దేవుని విభూతి ఏం జేస్తదిలే అనుకున్న."

"అవి ఆయన్ని చంపిన కణాలు. వాటికి విభూతి పెడతారా?"

"ఎరుకే. చంపినయైనా ఆయన ఒంట్ల పుట్టినయే గద. ఎచ్చగుంటయి, ఆయన చెయ్యి లెక్క. ముట్టుకుంటానికి నాకింకేం మిగిలింది?"

ఆ పిల్ల కళ్లు తుడుచుకొని సారు గదికి పోయింది. పొరపాటు తనదేనని చెప్పింది. కమలాబాయి పేరెత్తలేదు.

సాయంత్రం బయట మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"ఇంకొక్క గొట్టమే ఉంది ఆంటీ. ఒంట్లోంచి తీసిన కణాలు ఎల్లకాలం పెరగవు, కొన్ని విడతలకు ఆగిపోతాయి. ఇది పెంచి కరెంటు పెడితే నాకు జవాబు దొరకొచ్చు. కానీ ఆ తర్వాత ఆయనవి ఏమీ మిగలవు. మీరు వద్దంటే దాన్ని మంచులోనే ఉంచేస్తాను. నా తిప్పలు నేను పడతాను."

కమలాబాయి రెండు రోజులు గడువడిగింది. రెండో రోజు మా గుమ్మంలో కూర్చొని, చాయ్ గ్లాసు చల్లారేదాకా పట్టుకునే ఉంది. "ఒక్క గొట్టమన్నా ఉంటే, ఆయన ఏడనో ఉన్నడనిపిస్తది వదినా. మళ్ల ఇంకెవలికో గిదే తక్లీఫ్ వస్తే, ఆ గొట్టం ఉట్టిగనే పడి ఉండె గదా అనిపిస్తది," అంది. దేవుడి పటం ముందు ఆమె పేర కూడా ఒక వత్తి వేశాను.

మూడో రోజు పొద్దున ఆమె ఇంక్యుబేటర్ దగ్గరికి పోలేదు. ఝాన్సీ వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడింది.

"కానియ్యి బిడ్డా," అంది. అప్పటిదాకా ఆ అమ్మాయిని మేడం అనే పిలిచేది. "ఆయన రాసి సంతకం పెట్టిండు. ఆ మాటకు నేను అడ్డం పడొద్దు. నిన్ను ఒక్కటే అడుగుత. కరెంటు పెట్టే దినం నాకు ముందుగాల చెప్పు. దవాఖానల ఆయనకు ముప్పై మూడు దినాలు పెట్టిండ్రు. అన్ని దినాలూ ఆ తలుపు బయట బెంచీ మీద నేనే కూసున్న. గీసారి సుత కూసుంట. లోపలికి రాను, ఏం ముట్టుకోను. తలుపు బయట జెర ఒక కుర్చీ వేయించు, చాలు."