కండెల సైన్యం, అన్న హిమ్మత్

మా అల్లుడు మంచోడే. కానీ ఆయన చేతుల ఫోన్ చూస్తే నాకు ఒళ్లు మండుతది. పోయిన ఆదివారం హోట్గి రోడ్‌ల ఉన్న బిడ్డ ఇంటికి పోతే, చాయ్ తాగుకుంట ఏందో ఆట ఆడుతుండు. ఒక కోట, కోట మీద రెక్కల పాము, కింద లెక్కలేనంత మంది సిపాయిలు. "ఏంది బాబూ, వాళ్ల నెత్తుల మీద ఆ పచ్చ గీత?" అని అడిగిన. "అది వాళ్ల హిమ్మత్ అత్తమ్మా. పామును చూస్తే తగ్గుతది, బాగ తగ్గితే పారిపోతరు. గీ బటన్ కొడితే రాజు భాషణం చేస్తడు, మళ్లా నిండుతది" అని కొట్టి చూపించిండు. రాజు కత్తి లేపిండు, అందరి గీతలు నిండినయ్, అయిపాయె! నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. అల్లుడిని ఏమనొస్తది? "మంచిగుంది బాబూ" అని కప్పు పట్టుకొని వంటింట్లకు పోయి గిన్నెలు దడదడ పడేసుడు మొదలుపెట్టిన. హిమ్మత్ గంత సస్తాగ దొరుకుతదా? బిడ్డ వచ్చి "ఏమైందే అమ్మా?" అంటే, ఏం లేదు పో అన్న.

తొంభైల మొదట్ల మాట, నాకింక లగ్గం కాలే. దాజీ పేట్‌ల మా ఇంట్ల ముందు అర్రంత మగ్గమే ఉండె. నూలిచ్చే సేట్ చేతిమగ్గం చీరలు ఇగ వద్దన్నడు, మగ్గం విప్పి అటుక మీద పడేసినం. మిగిలింది కాళ్లు పెట్టే గుంట, చుట్టూ షాబాదు బండలు, నూలు చుట్టే ఉత్త కండెలు ఒక గంపెడు. మా అన్న కూడా మిగిలిండు అనుకోండ్రి. గల్లీల మొగోళ్లందరు పవర్‌లూమ్ కార్ఖానాలకు పోతుంటే మా అన్న మాత్రం పోనన్నడు. "నా చెయ్యి, నా కాలు కలిస్తే బట్టయితది. అక్కడ మిషన్ నేస్తది, మనిషి నిలబడి తెగిన పోగులు ముడేస్తడు. గది పనా?" అంటుండె. అనుకుంట ఎనిమిది నెలలు ఇంట్లనే కూసున్నడు. నేను, వదిన బీడీలు చేస్తుంటిమి. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. వదిన వేళ్లు నిద్రల కూడ ఆగకపోతుండె అంటే నమ్మండ్రి.

ఆ ఖాళీల అన్న ఒక ఆట కనిపెట్టిండు. షాబాదు బండలు రాజ్యాలు. మగ్గం గుంటల ఒక రాక్షసి ఉంటది. కండెలే సిపాయిలు, సగం అన్నయి, సగం నాయి. ఒక్కొక్క కండెకు మూడు చుట్ల రంగు దారం చుడతడు, అదే వాని హిమ్మత్. పక్కనోడు పడిపోతే ఒక చుట్టు విప్పాలె. గుంట దాపుకు పోతే ఒక చుట్టు. నడుమ అమ్మవారి జెండా నిలబడి ఉంటే మాత్రం రాక్షసి భయం ఉండది. దారమంత ఊడిన కండె చావది, ఇంటికి పోతది, అంటే గంపలకు. ఎవరి కండెలన్ని గంపల పడితే వాళ్లు ఓడినట్లు. పదిహేను ఎత్తులకు ఒక అమావాస్య. మన నేతోళ్ల కులంల అమావాస్య నాడు మగ్గం ముట్టరు గదా, ఆ నాడు సిపాయి కూడ కత్తి ముట్టడు అని అన్న కట్టుబాటు. ఇవన్ని ఒక ఎత్తు, భాషణం ఒక ఎత్తు. లడాయికి ముందు రాజు తన సైన్యంతోని మాట్లాడాలె. ఆ మాట విని వదిన చెయ్యి ఆగిందా, సైన్యమంతటికి ఒక చుట్టు ఎక్కువ. ఆగలేదా, ఏం లేదు.

నేను ఒక్కనాడు గెలవలే. మా అన్న మాట్లాడితే అట్లుంటుండె మరి! "బిడ్డా, మీ అమ్మ గడపల నిలబడి చూస్తున్నది, వెనక్కి తిరగకు" అని ఉత్త కట్టెపుల్లలకు చెప్తుంటే వదిన ఆకు పట్టుకొని అట్లనే చూస్తుండె. నేను మాట్లాడితే తిట్లే. "నడువుండ్రిరా సోమరిపోతుల్లారా" అంటే వదిన నవ్వుకుంట ఇంకో బీడీ చుడుతుండె. నాకు తిక్క లేస్తుండె. ఎనిమిది నెలలు! కట్టెలకు హిమ్మత్ పోసేటోనికి తనకు తాను పోసుకునుడు రాదా?

ఒకనాడు పగటిపూట తెగించి పందెం కట్టిన. "నేను గెలిస్తే రేపు పొద్దుగాల నువ్వు కార్ఖానాకు పోవాలె. నువ్వు గెలిస్తే ఆ మాట జన్మల ఎత్తను." అన్న నవ్విండు. "నువ్వా? గెలుచుడా? చల్, మంజూర్."

సగం ఆటకే నా కండెలు సగం గంపల పడ్డయ్. అప్పుడు అమావాస్య వచ్చింది. అన్న బీడీ ముట్టించి గోడకు ఒరిగిండు. "ఇయ్యాల సుట్టి, సెలవు. ఎవ్వరు కదలరు" అన్నడు. నేను ఒక కండెను కదిపిన.

"ఏయ్, తొండి! అమావాస్య నాడు కత్తి ముడతరా?" అని అన్న లేచి కూసున్నడు.

నేను నా కండెల దిక్కు చూసి భాషణం చేసిన. తిట్టలే ఆ పొద్దు. "బిడ్డా, మీరు నేసేటోళ్లు కాదు, బీడీలు చేసేటోళ్లు. మీకు అమావాస్య లేదు. ఆ రాజును సాకుతున్నవి మా వదిన వేళ్లు. ఎనిమిది నెలల్ల ఎనిమిది అమావాస్యలు పోయినయ్. ఏ ఒక్కనాడన్న ఆ వేళ్లకు సుట్టి ఇచ్చిండా ఆ రాజు?"

వదిన చెయ్యి ఆగింది. తల ఎత్తలే, కానీ ఆకు జారి ఒడిల ఉన్న చాటల పడ్డది. నా కండెలకు ఒక్కొక్క చుట్టు ఎక్కింది. "ఇగ నువ్వు మాట్లాడు" అని అన్నకు చెప్పిన. అన్న తన కండెలను ఒక్కొక్కటి తీసి, తానే దారం విప్పి గంపల ఏసిండు. "పోండ్రి బిడ్డా, ఇంటికి పోండ్రి" అన్నడు ఒక్కొక్కదానికి.

తెల్లారి అన్నం డబ్బా కట్టించుకొని కార్ఖానాకు పోయిండు. ఇరవై ఆరేండ్లు పోయిండు. వదిన చుట్టే బీడీలు తగ్గినయ్, వాళ్ల పిల్లలు చదువుకున్నరు, అన్ని నేను కోరినట్లే అయినయ్. మరి ఎందుకు సంబురం లేదు నాకు? ఆ ఆట మళ్లా మా ఇంట్ల ఆడలే. "ఆడుదామా అన్నా" అంటే "నువ్వు గెల్సినవ్ గదనే" అని పండుకుంటుండె. ఒకసారి వదిన దగ్గర ఏడిస్తే, "నువ్వు అనకుంటే నేను అనాల్సొస్తుండె. నేనంటే మీ అన్న ఇంక బతకకపోతుండె" అన్నది. దానికి నాకు ఇంకింత కోపమొచ్చింది. అంటే ఇద్దరు కలిసి నాతోని అనిపించుకున్నరా?

ఒక్కసారన్న తిడతడేమో అని ఏండ్లు చూసిన. తిట్టలే. ఇప్పుడు ఆ మిషన్ల చప్పుడుకు అన్న చెవులు పూర్తిగ పోయినయ్. బాగున్నవా అని మందలియ్యాలంటే గల్లీ అంత వినపడేటట్లు ఒర్రాలె. తప్పయింది అన్నా అనే మాట ఒర్రి చెప్పేది కాదు. మెల్లగ అంటే వినపడే రోజులు ఎన్నో ఉండె, ఆ రోజులన్ని నేను, నాది తప్పు కాదు అనుకుంట గడిపిన.