ముళ్లు తీసిపెట్టను

నా మనవరాలికి ఐదేళ్లు. కొడుకు బొగ్గుబావిలో, కోడలు ఆఫీసులో పని చేస్తారు. ఇద్దరికీ డ్యూటీలు కాబట్టి పిల్ల దుమ్ముగూడెం దగ్గర మా ఊళ్లో నా దగ్గరే ఉంటుంది. గోదావరి పక్కనే కదా, వారానికొకసారైనా చేపలు వండుతాను. పిల్ల తన చేత్తోనే తింటుంది.

మొదట పొట్ట ముక్కలే పెట్టాను. వాటిలో ముళ్లు పెద్దవి, చేతికి దొరుకుతాయి. అది వచ్చాక వీపు ముక్క. ముందు వేలితో నలిపి చూడాలి, తర్వాత నాలుకతో. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదు. నేను ఎదురుగా కూర్చుంటాను, చెయ్యి మాత్రం పెట్టను.

పోయిన నెల ఒక ముల్లు గొంతులో గుచ్చుకుంది. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్తే డాక్టరు తీసేశాడు. నేను దాచలేదు, ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. ఆదివారం ఇద్దరూ వచ్చారు.

ఆ రోజూ చేపలే వండాను. కోడలు మొగుడి కంచంలో ముక్కకు ముళ్లు తీసిపెట్టి, పిల్ల కంచం కూడా లాక్కుంది.

"ఇద్దరు పిల్లలా నీకు? కంచం దానికియ్యి" అన్నాను.

"అమ్మా, మతి ఉన్నదా నీకు? మళ్ల గుచ్చుకుంటే?" కొడుకు గయ్యిమన్నాడు.

"మళ్ల దవాఖానాకు తీస్కపోత."

"గిట్లయితే నీ దగ్గర ఉంచం. ఇయ్యాల్నే తీస్కపోతం."

కోడలు చెయ్యి కడుక్కుని పిల్ల బట్టలు బ్యాగులో పెట్టసాగింది. "చేపలు మానేస్తనంటే ఉంచుతం అత్తమ్మా" అంది.

పిల్ల లేని ఇల్లు తలుచుకోలేను. అయినా మానేస్తానని చెప్పడానికి నోరు రాలేదు.

"తీస్కపో. పెద్దయినంక దానికీ ముళ్లు తీసే మొగుణ్ణి ఎతుకు" అన్నాను కొడుకుతో. వాడికి పన్నెండేళ్లు వచ్చేదాకా తీసిపెట్టింది నేనే. ఒక్కడే కొడుకని. భూమి కింద బొగ్గు తవ్వే మనిషి, పెళ్లాం ముళ్లు తీయందే చేప తినడు. ఆ తప్పు నాది. రెండోసారి చెయ్యను.

పిల్ల తండ్రి వైపు చూసి, "నాన్నకు తీసుడు రాదా నాయనమ్మా?" అంది.

కొడుకు తల ఎత్తకుండానే, "బ్యాగు ఆడ పెట్టు" అన్నాడు పెళ్లాంతో.

పిల్లను నా దగ్గరే ఉంచి బస్సెక్కే ముందు కోడలు ఆ డాక్టరు నంబరు నా ఫోన్లో ఎక్కించింది. నేను వద్దనలేదు. మళ్లీ చేపలు వండిన రోజు కంచం పిల్ల ముందు పెట్టి, నా చేతులు ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.