వంటావార్పు అయినాక మిగిలిన రాళ్లు

దయ్యాల మీద వార్తలు రాసినవాణ్ణే గానీ దయ్యాలను నమ్మినవాణ్ణి కాను. తొర్రూరులో ఒక దినపత్రికకు మండల విలేకరిగా చాలా ఏళ్లు పనిచేశాను. హాస్టల్లో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని పిల్లలు ఇళ్లకు పారిపోతే, పైకప్పు మీద ఊగుతున్న రేకు ముక్కను ఫొటో తీసి వేసింది నేనే. చేతబడి అంటూ ఎవరైనా వస్తే, ముందు పాలోళ్లతో, అంటే దాయాదులతో, భూమి తగాదా ఏమైనా ఉందా అని అడిగేవాణ్ణి. ఇప్పటికీ పెద్దగా మారిందేమీ లేదు. ఒక్క పగటిపూట జరిగిన సంగతి మాత్రం నాకు ఎట్లా చూసినా అర్థం కాదు.

ఉద్యమం బాగా వేడి మీదున్న రోజులవి. అప్పటికి మాదంతా వరంగల్ జిల్లానే. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఎక్కడ చూసినా బందులే. బస్సులు డిపో దాటక చాలా రోజులైంది. రోజూ ఏదో ఒకచోట రాస్తారోకో, లేదంటే వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడమే వంటావార్పు. బండ్లు వాటంతట అవే ఆగిపోతాయి.

నేను విలేకరినీ, ఉద్యమంలో మనిషినీ కూడా. మెడలో కెమెరా, నోట్లో జై తెలంగాణ. రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయని అప్పట్లో ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. ఆ రోజు వంటావార్పు తొర్రూరు నుంచి మానుకోట పోయే రోడ్డు మీద, ఊరు దాటినాక వచ్చే మలుపులో పెట్టారు. పక్క చేను గట్టు నుంచి పెద్ద పెద్ద రాళ్లు మోసుకొచ్చి మూడు పొయ్యిలు పేర్చారు. ఆ చోటు చూపించింది నేనే. మలుపులోనైతే రెండు వైపులా ఆగిన లారీలు ఒకే ఫొటోలో పడతాయని.

బగారన్నం, పప్పుచారు. నేనూ రెండుసార్లు పెట్టించుకున్నాను. మూడింటికల్లా అందరూ చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. గిన్నెలు ట్రాక్టర్ ఎక్కాయి. నిప్పుల మీద నీళ్లు చల్లి, కట్టెలు పక్కకు లాగేశారు. రాళ్లను మాత్రం ఎవరూ ముట్టలేదు, కాలుతున్నాయి కాబట్టి. చల్లారినాక ఎవరో ఒకరు తీస్తారులే అని ఎవరికి వాళ్లం అనుకున్నాం. మసిపట్టి నల్లగా అయిన రాళ్లు, కింద నల్లటి తారు రోడ్డు.

నేను కల్వర్టు గోడ మీద కూర్చుని, వచ్చిన నాయకుల పేర్లు రాసుకుంటున్నాను. ఇట్లాంటి వార్తలో అసలు పని అదే. ఒక్క పేరు తప్పిపోయినా మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి కడిగేస్తారు.

అప్పుడొక ముసలాయన వచ్చాడు. మెడ దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, గోరింటాకు పెట్టిన గడ్డం. ఎడమ కంటి రెప్ప సగం వాలిపోయి ఉంది.

"బేటా, గీ రాళ్లు జర పక్కకు తీపియ్యి. పొద్దుమూకితే కనవడయి. నా కొడుకు మోటర్ల షాపుల పని చేస్తడు, గీ తొవ్వనే వస్తడు" అన్నాడు.

"కాలుతున్నయి చాచా. సల్లవడ్డంక పోరగాళ్లతోని తీపిస్త" అన్నాను, తలెత్తీ ఎత్తకుండా.

ఆయన వెళ్లి ఒక రాయి మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు అట్లాగే ఉంచాడు, చెయ్యి వెనక్కు తీసుకోలేదు. అప్పుడు నాకది వింతగా తోచలేదు. రాళ్లు చల్లారాయేమో అనుకున్నాను. చల్లారితే తీయాలి కదా అని మాత్రం అనుకోలేదు. ఐదింటికల్లా వార్త పంపాలి. ఆయన రాళ్ల పక్కన నిలబడి ఉండగానే ఖాళీ పొయ్యిలను ఒక ఫొటో తీసుకుని తొర్రూరు వచ్చేశాను. పేర్లన్నీ టైపు చేయించి పంపేసరికి పొద్దుగూకింది. రాళ్ల మాటే మరిచిపోయాను.

మర్నాడు పొద్దున పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేస్తే తెలిసింది. చీకటి పడ్డాక ఆ మలుపులో బైక్ పడి ఒకతను అక్కడికక్కడే చనిపోయాడు. పేరు యాకూబ్ పాషా. తొర్రూరులో మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పని. రోజూ బస్సులో ఊరికి పోయేవాడు. బస్సుల్లేక షాపు సేఠు బండి అడిగి తీసుకున్నాడట.

మోటార్ల షాపు అనగానే ముసలాయన గుర్తొచ్చాడు. అయ్యో, తండ్రి చెప్పనే చెప్పాడే అనుకున్నాను. ఆయనకు నా మొహం ఎట్లా చూపించాలో తెలియక, బండి మీద ఊరికే కూర్చుండిపోయాను.

యాకూబ్ ఇంటికి పోయే దారిలో ఆ మలుపు దగ్గర ఆగాను. రాళ్లను ఎవరో పక్కకు నెట్టారు. ఒక రాయి మీద మసి లేచిపోయి, టైరు రాసుకుపోయిన చోట తెల్లగా కనిపించింది.

మా పనిలో ఒక పద్ధతి ఉండేది. పోయిన మనిషి ఫొటో కోసం ఆ ఇంటికే వెళ్తాం. చాలా ఇళ్లల్లో విడిగా ఫొటో ఉండదు, రేషన్ కార్డు మీద కుటుంబమంతా కలిసి దిగిందే ఉంటుంది. మిగతావాళ్ల మొహాలను తెల్ల కాగితంతో మూసి, పోయినవాళ్ల మొహం ఒక్కటే తీసుకుంటాం. యాకూబ్ ఇంట్లోనూ అంతే. ఆయన భార్య రబియా లోపల ఏడుస్తోంది. పక్కింటామె కార్డు తెచ్చి ఇచ్చింది.

కాగితం మడిచి యాకూబ్ పక్కనున్న మొహం మీద పెట్టబోయి ఆగిపోయాను. మెడ దాకా గుండీలు, ఎర్రటి గడ్డం, వాలిపోయిన ఎడమ రెప్ప.

"ఈ చాచా ఏడున్నడు?" అని అడిగాను.

"యాకూబ్ వాళ్ల అబ్బా. ఆయన పోయి నాలుగేండ్లాయె" అంది పక్కింటామె.

ఆయనకు అన్నదమ్ములున్నారా అని అడిగాను. లేరంది. ఆ మధ్యాహ్నమే వంటావార్పుకు వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. అట్లాంటి మనిషిని ఎవరూ చూడలేదు. నేను తీసిన ఫొటోను పెద్దది చేసి చూశాను. రాళ్లున్నాయి, బూడిద ఉంది, ఓ మూలకు నా బండి ఉంది. ఆయన నిలబడ్డ చోట రోడ్డే కనిపిస్తోంది.

ఇంత తెలిసి కూడా నేను చేసిన పని చెప్పాలి.

ఆ సాయంత్రం మా పత్రిక డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. "బండి ఒట్టిగ ఎట్ల పడ్తది? కారణం ఏంది?" అని అడిగారు. రాళ్లని చెప్పాలి. రాళ్లంటే ఎవరు పెట్టారంటారు. ఉద్యమం మనిషి ప్రాణం తీసిందంటారు. అట్లా అనడానికి కాచుక్కూర్చున్నవాళ్లు అప్పటికే తక్కువేం లేరు. అన్నిటికంటే, ఆ మలుపు చూపించింది నేను.

"తాగి ఉన్నడట" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి. మండలంలో ప్రమాద వార్త ఒకరు రాస్తే, మిగతా విలేకరులు దాన్నే అటూ ఇటూ మార్చి పంపుతారు. తెల్లారేసరికి అన్ని పేపర్లలోనూ యాకూబ్ మద్యం మత్తులో అదుపు తప్పి పడిపోయాడు.

భర్త పోయినాక నాలుగు నెలల పైచిలుకు ముస్లింలలో ఆడవాళ్లు ఇల్లు కదలరు. ఆ గడువు ముగిసిన మర్నాడే రబియా నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో మడతలు పడ్డ పేపర్ ముక్క, పక్కన ఐదో తరగతి చదివే బిడ్డ.

"అన్నా, ఆయన జిందగీల సుక్క ముట్టలె. బడిల దీన్ని తాగుబోతు బిడ్డ అంటున్నరు. గా ఒక్క మాట తీసెయ్యుండ్రి" అంది.

అచ్చయిన పేపర్లోంచి మాట తీసేయడం కుదరదని ఆమెకు తెలియదు. సవరణ వేయొచ్చని నాకు తెలుసు. చూస్తానని చెప్పి పంపించాను. చూడలేదు.

రాష్ట్రం వచ్చింది. రంగులు చల్లుకున్నాం. అందరితో పాటు నేనూ ఎగిరాను. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే ఏడుపు ఆగలేదు. మా ఆవిడ సంతోషమనుకుంది.

విలేకరి పని మానేసినాక, మొన్నీమధ్య రబియా ఇంటికి వెళ్లాను. ఆమె బట్టలు కుట్టి బతుకుతోంది. బిడ్డ డిగ్రీ అయిపోయింది. ఇద్దరి ముందూ అంతా చెప్పాను. రాళ్లు, నేను చూపించిన చోటు, ఆడిన అబద్ధం. వాళ్ల పెద్దాయన వచ్చి అడగడం కూడా చెప్పాను. నవ్వుతారేమో అనుకున్నాను. బిడ్డ లేచి లోపలికి వెళ్లిపోయింది.

"మామ ఒక్కపారే అడిగిండా?" అంది రబియా.

"ఒక్కపారే" అన్నాను.

"ఒక్కపారంటే యాది మరుస్తరు తియ్యి అన్నా" అంది. కాసేపటికి, "ఇదంత రాయి. ఆయన తాగలేదని రాయి. బిడ్డ సదివి ఇనిపిస్తది" అంది.

అందుకే రాస్తున్నాను. యాకూబ్ పాషా తాగలేదు. మేం వదిలేసి పోయిన పొయ్యి రాళ్లకు తగిలి పడ్డాడు.

ఆ ముసలాయన ఎవరో, అప్పటికే పోయి నాలుగేళ్లయిన మనిషి ఎండపూట రోడ్డు మీదికి ఎట్లా వచ్చాడో నాకు ఈనాటికీ తెలియదు. ఆ పోలికలున్న మరో మనిషై ఉంటాడని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. చుట్టుపక్కల ఊళ్లన్నీ అడిగాను, అట్లాంటి మనిషి ఎక్కడా దొరకలేదు. దొరికినా, నా కొడుకు అని ఎందుకన్నట్టు?

ఇంకొకటుంది. పైన ఆయన ఒక్కసారే అడిగినట్టు రాశాను. రబియాకు చెప్పినట్టే రాశాను. అది నిజం కాదు. రాయి మీద చెయ్యి ఆనించినాక మళ్లీ నా దగ్గరికి వచ్చి, "సల్లవడ్డయి బేటా" అన్నాడు. నేను విననట్టే పేర్లు రాసుకుంటూ కూర్చున్నాను. బండి స్టార్ట్ చేశాక హ్యాండిల్ పట్టుకుని మూడోసారి అడిగాడు. ఆ వేళ్లను ఒక్కొక్కటిగా నేనే విడిపించి వచ్చాను. మామూలు మనిషి వేళ్లలాగే ఉన్నాయి.

బిడ్డా, ఈ ముక్క కూడా మీ అమ్మకు చదివి వినిపించు.