నర్సయ్య పడుగు, మార్తమ్మ గోడ

1350 ఫసలీ ఖుర్దాద్ నెలలో, అంటే ఇప్పటి లెక్కన 1941 ఏప్రిల్‌లో, నన్ను అమీర్‌పేటలోని ఒక నేతపనివాళ్ళ బస్తీకి సబ్ ఓవర్సీరుగా వేశారు. సబ్ ఓవర్సీరు అంటే ఇంజనీరింగు శాఖలో ఎండలో నిలబడే ఆఖరి ఉద్యోగి. నా కింద ఒక కొలత గొలుసు, దాన్ని మోసే ఒక మనిషి ఉండేవారు. నా పైన మిగతా శాఖ అంతా ఉండేది.

అప్పటికి అమీర్‌పేట పట్నం కాదు, పల్లె కాదు. ఇప్పుడు మైత్రీవనం ఉన్న చోటికి కొంచెం ఇవతల, పంజాగుట్ట నుంచి వచ్చే బండ్ల బాట పక్కన ఈ బస్తీ ఉండేది. బస్తీ అంటే ఒకటే గల్లీ. ఎడమవైపు పదకొండు నేత ఇళ్ళు, కుడివైపు తొమ్మిది క్రైస్తవ కుటుంబాలు. వీళ్ళలో మేస్త్రీలు, బగ్గీ తోలేవాళ్ళు, బంగళాల్లో వంటవాళ్ళు ఉండేవారు. రెండు వైపులవాళ్ళూ రోజంతా మాట్లాడుకునేవారు. నీళ్ళ కుండ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి కుండ వాళ్ళది.

ఇలాంటి బస్తీలకు మా శాఖ దగ్గర రెండే మందులు ఉండేవి. ఒకటి ఎత్తేయడం, రెండోది బాగుచేయడం. యుద్ధం వల్ల సరుకు దొరకడం లేదు కాబట్టి బాగుచేయడానికి ఒక షరతు పెట్టారు. రాయి, సున్నం శాఖ ఇస్తుంది. గల్లీని మొదటి నుంచి చివరి దాకా పన్నెండు అడుగుల వెడల్పున, తిన్నగా, బస్తీవాళ్ళే తెరుచుకోవాలి. ముందుకు పొడుచుకొచ్చిన అరుగులూ గోడలూ ఎవరివి వాళ్ళే తీసేసుకుని, మోరీ కూడా తవ్వుకోవాలి. మృగశిర కార్తె లోపల ఇది జరగకపోతే అందరినీ బోరబండ అవతలి రాళ్ళ మీదికి పంపేస్తారు. అక్కడ అప్పటికి గుట్టలు తప్ప ఏమీ లేవు. రెండిట్లో ఏది అన్నది నా రిపోర్టును బట్టి ఉండేది. నాకు ఇరవై మూడేళ్ళు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

మొదటి రోజు పొద్దున పంజాగుట్ట ఎక్కుడులో సైకిలు దిగి, తోసుకుంటూ గల్లీకి చేరేసరికి, గల్లీ మధ్యలో నడుమెత్తున దారాలు పరిచి ఉన్నాయి. నేతకు ముందు గుడ్డలోని నిలువు దారాలన్నిటినీ వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. దాన్ని పడుగు అంటారు. ఈ సంగతి ఇంజనీరింగులో చెప్పలేదు. నేను దాన్ని రాకపోకలకు ఆటంకంగా గుర్తించి, ఒక చేత్తో పైకెత్తి, సైకిలును కింద నుంచి దాటించబోయాను.

కళ్ళద్దాలు దారంతో కట్టుకున్న ఒక పెద్దాయన కుంచె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఓ సారూ! చెయ్యి తియ్యి, నీకు పుణ్యముంటది! గది తెగితే నెల రోజులు మా పొయ్యిల పిల్లి లేవది!"

ఆయనే నర్సయ్య, నేతవాళ్ళ పెద్దమనిషి. నేను చెయ్యి తీశాను. అప్పుడు గమనించాను, పిల్లలు గోడల వెంబడి ఒదిగి పోతున్నారు, కోళ్ళు కింది నుంచి పోతున్నాయి, ఒక మేక పడుగు దాకా వచ్చి, చూసి, వెనక్కి తిరిగిపోయింది. ఆ వీధిలో పడుగును ఎత్తి చూసిన మొదటి ప్రాణిని నేనే.

మర్నాడు గొలుసు పట్టి, రెండు పక్కలా సున్నంతో గీతలు వేశాను. ఆ గీతలోపల ఉన్నది ఏదైనా సరే తీసేయాలి. తెల్లవారి వచ్చి చూస్తే గీత చాలా మర్యాద నేర్చుకుని ఉంది. ఒక అరుగు ముందు వంగింది, ఇంకో గోడను చుట్టి వెళ్ళింది, నర్సయ్య తమ్ముడి గుమ్మం దగ్గర అసలు మాయమై, ఆ తరువాతి ఇంటి ముందు మళ్ళీ తేలింది. మళ్ళీ వేశాను. మళ్ళీ జరిగింది. చీపురు ఎవరిదని అడిగితే ఇరవై ఇళ్ళవాళ్ళూ ఎదుటివాళ్ళ వైపు చూపించారు.

కుడివైపు చివరింటి మార్తమ్మ మాత్రం నన్నే నిలదీసింది. ఒకప్పుడు బంగళాల్లో ఆయాగా చేసిన ముసలామె, ఒంటరిది. "నీ గీతకు కాళ్ళొచ్చినయా సారూ? పెద్దోళ్ళ ఇండ్ల ముందట వంగి సలాం కొడుతున్నది. నా ఇంటికాడికొస్తే కర్రలెక్క నిలవడ్డది!"

నిజమే. ఆమె ఇంటి ముందు గీత జరపడానికి మనుషులు లేరు.

అలా నెల గడిచింది. ఒక్క ఇటుక కదలలేదు. మా మొహతమీం సాహెబుకు, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు, బస్తీవాళ్ళు సహకరించడం లేదని రాశాను. పని జరిపించు, లేదా ఎత్తివేతకు సిఫారసు చెయ్యి అని జవాబు వచ్చింది. ఆ కాగితం నర్సయ్యకు చదివి వినిపించాను.

"సారూ, నీ సున్నాన్ని మేం నమ్మం. మమ్మల్ని నువ్వు నమ్మవు. పడుగు గుంజుదాం" అన్నాడు. "వంకరుంటే దారమే చెప్తది. దాన్ని జరిపే మొగోడు గీ గల్లీల పుట్టలేదు."

మర్నాడు పొద్దున్నే రెండు పడుగులు ఒకదాని వెనక ఒకటి, గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగదీశారు. అది నడిమి గీత. నేను పన్నెండు అడుగుల వెదురు కొట్టించి, సరిగ్గా మధ్యలో ఎర్రదారం కట్టాను. ఎర్రదారం పడుగు మీద ఉంచి వెదురును అడ్డంగా నడిపిస్తూ పోవాలి. కొస ఎక్కడ తగిలితే అక్కడ బొగ్గుతో గుర్తు. ఒక కొస నేను పట్టుకున్నాను, రెండోది కుడివైపు ఉండే తాపీమేస్త్రీ జీవరత్నం. ఆయన ప్రార్థనలో పాటలు తప్ప ఎక్కువ మాట్లాడడు. మొదట తగిలింది నర్సయ్య అరుగే. జానెడు పోతుంది. ఆయన బొగ్గు నా చేతిలోంచి తీసుకుని తనే గుర్తు పెట్టి, "నాకు చెప్పకుండనే గింత ముందుకొచ్చినవా?" అని అరుగును మందలించాడు. ఆ తరువాత ఎవరూ నోరెత్తలేదు. నెల రోజులు నా గొలుసు చేయలేని పని గంటలో అయిపోయింది.

చివరికి మార్తమ్మ ఇల్లు వచ్చింది. లెక్క ప్రకారం గోడ మూరెడు వెనక్కి పోవాలి. ఇల్లే ఒక గది. వెనక బండరాయి, అటు జరగడానికి లేదు. జీవరత్నం గోడను వేళ్ళతో కొట్టి చూశాడు, పైకి దూలం వైపు చూశాడు.

"గీ గోడ మీదనే దూలమున్నది సారూ. తీస్తే కప్పు నిలవది."

అంటే ఇల్లు పోయినట్టే. గోడ వదిలేస్తే గల్లీ అక్కడ పదిన్నర అడుగులే, షరతు తప్పినట్టు. అప్పుడు ఇరవై ఇళ్ళూ పోతాయి. ఇది అక్కడున్న అందరికీ, లెక్కలు రానివాళ్ళకు కూడా, ఒకేసారి అర్థమైంది.

మార్తమ్మ లోపలికి వెళ్ళి గడ్డపార పట్టుకొచ్చింది.

"ఏం జూస్తున్నరు? పడుగు అందరికీ ఒక్కటే గద! నా గోడ నేనే కూలగొట్టుకుంట. ఒకల దయ నాకెందుకు?" అని ఒక్క పోటు పొడిచింది. పిడికెడు మట్టి రాలింది. ఆయాసంతో గడప మీద కూలబడి, గడ్డపారకు పదును లేదని తిట్టింది.

ఒక సంగతి చెప్పాలి. ఆమెను ఇష్టపడేవాళ్ళు ఆ గల్లీలో నాకు కనబడలేదు. జీవరత్నం పాటలో రాగం తప్పితే ప్రార్థన మధ్యలోనే ఆపి సరిదిద్దేది. ఎదుటివాళ్ళ కోళ్ళను పేర్లు పెట్టి తిట్టేది. కాబట్టి అక్కడ జరిగినదాన్ని అభిమానం కింద రాయడానికి నాకు ఆధారం లేదు.

నర్సయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. గంజి పెట్టిన పడుగు ఎక్కువసేపు ఆగదు. ఎండ ముదిరితే దారాలు బిగుసుకుని చిట్లుతాయి. తీర్మానం ఏదైనా తొందరగా కావాలి.

"జరుపుదాం" అన్నాడు.

ఏమిటని అడిగాను.

"పడుగును. మా దిక్కు మూరెడు."

ఆయన తమ్ముడు అడ్డం వచ్చాడు. "అన్నా, మన అరుగులన్నీ పోతయి గద! ఏడ కూసుంటం?"

గుమ్మంలోంచి నర్సయ్య భార్య అంది, "పోతే పోనియి. నిలవడి మాట్లాడితే మీ ముచ్చట్లు జల్దిన ఒడుస్తయి."

"గా ముసల్దాని కోసమా? దినాం మనతోని కొట్లాడుతది!" అన్నాడు తమ్ముడు.

"గందుకే అంటున్న" అన్నాడు నర్సయ్య. "బోరబండకు తోలితే గుట్టలతోని కొట్లాడుతది. గుట్టలు ఏం పాపం జేసినయ్‌రా?"

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే తీర్మానం అయిపోయింది. మా శాఖలో తీర్మానాలకు ఇంతకంటే ఎక్కువ కాగితం పట్టేది.

సాగదీసిన పడుగును విప్పకుండా పక్కకు జరపడం తేలిక కాదు. దారాల మధ్య అడ్డంగా ఉన్న ఒక్కో పుల్లను ఇద్దరు చెరోవైపు పట్టుకుని, అందరూ ఒకేసారి కదలాలి. నేతవాళ్ళు సరిపోలేదు. నర్సయ్య కుడివైపు చూసి, "జీవరత్నమన్నా, జర చెయ్యి వెయ్యి" అన్నాడు. ఆ వైపువాళ్ళు ఇన్నేళ్ళలో పడుగును ముట్టింది లేదు, నేతవాళ్ళు ముట్టనిచ్చిందీ లేదు. జీవరత్నం సున్నపు చేతులు పంచెకు రెండుసార్లు తుడుచుకుని, చంటిబిడ్డను అందుకున్నట్టు పుల్ల అందుకున్నాడు. మిగతావాళ్ళూ వచ్చారు. నర్సయ్య "ఊఁ" అన్నాడు. గల్లీకి గల్లీ ఊపిరి బిగబట్టి మూరెడు పక్కకు జరిగింది. ఒక్క పోగు తెగలేదు.

మార్తమ్మ కృతజ్ఞత చెప్పలేదు. "మీ అరుగులు ఎట్లనో వంకరనే ఉండె. ఇప్పుడన్న సక్కగైతయి" అంది. మర్నాడు తెల్లారేసరికి మాత్రం ఎడమవైపు అరుగులు పగలగొట్టే చోట గంప పట్టుకుని ఉంది. మట్టి మోస్తూ, కట్టినవాళ్ళ పనితనాన్ని ఇంటింటికీ విడివిడిగా తిట్టింది. జీవరత్నం మిగిలిన బండముక్కలతో ప్రతి నేత గుమ్మం పక్కనా ఒక మనిషి కూర్చునేంత చప్టా కట్టాడు. మధ్యాహ్నం మార్తమ్మ కుండతో నీళ్ళు తెచ్చి అరుగుల దగ్గర పెట్టింది. అవి ఎవరు తాగారో నేను రాసుకోలేదు. కుండ ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

నాకు మరో చిక్కు మిగిలింది. మోరీ నీళ్ళు బండ్ల బాట కిందుగా పోవడానికి మా శాఖ అప్పటికే ఒక తూము కట్టేసింది. మొదటి వారంలోనే, నక్షాలో చూపిన చోట. తను పూర్తిచేయగలిగిన దానితో మొదలుపెట్టడం శాఖకు అలవాటు. గల్లీ మూరెడు జరిగింది, తూము జరగలేదు. జీవరత్నం మోరీని చివర్లో కొంచెం వంచి తూములో కలిపాడు. నేను నక్షా చూపించి దిగులుపడితే, "నీళ్ళకు నక్షా తెల్వది సారూ. వాలుంటే సాలు" అన్నాడు.

మృగశిరకు రెండు రోజుల ముందు మొహతమీం సాహెబు తనిఖీకి వచ్చారు. కఠినమైన మనిషి, మాట తక్కువ. టేపు ఎక్కడ పట్టినా పన్నెండు అడుగులు వచ్చింది. మోరీ వంపు దగ్గర ఆగి, ఇదేమిటని ఉర్దూలో అడిగారు. అబద్ధం తట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన మార్తమ్మ ఇంటి దాకా నడిచి, గోడ మీద గడ్డపార గుంతను చూస్తూ నిలబడ్డారు.

ఆమె బయటికి వచ్చింది. "నువ్వేనా పెద్ద సారువు? మోరీ వంకరున్నది, జూసినవా? నీ పిలగానికి కొలుసుడు రాదు!"

సాహెబుకు తెలుగు వచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఆయన మీసం కొద్దిగా కదిలింది.

తరువాత ఫారం తీశారు. మంజూరైన నక్షాకు తేడా ఉంటే కారణం రాయాలి. బస్తీవాళ్ళు జరుపుకున్నారని రాయడానికి ఇందులో ఖానా ఎక్కడుందో చూపించమన్నారు. వెతికాను. మూడు ఖానాలే ఉన్నాయి: ప్రకృతి వైపరీత్యం, కాంట్రాక్టరు తప్పు, సిబ్బంది పొరపాటు. మూడోదాని మీద వేలు పెట్టాను. ఆయన తన కలమే ఇచ్చారు. నేను నింపిన తరువాత, కింద ఎత్తివేత అక్కరలేదని రాసి సంతకం చేశారు.

నా సర్వీసు పుస్తకంలో "కొలతలో మూరెడు పొరపాటు, హెచ్చరించడమైనది" అని ఎక్కింది. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో నా మీద ఉన్న రిమార్కు అదొక్కటే. దాని వల్ల నాతో చేరినవాళ్ళ కంటే ఏడాది ఆలస్యంగా ఓవర్సీరునయ్యాను.

ఆ తరువాత ఇంకా చాలా బస్తీల్లో పనిచేశాను. ఎక్కడికి వెళ్ళినా, గొలుసు విప్పే ముందు, ఈ వీధిలో ఎవరూ తొక్కనిది ఏమిటని అడిగి తెలుసుకునేవాణ్ణి. గీత అక్కడి నుంచి మొదలుపెడితే పని నడుస్తుంది. ఇక తూము విషయం. దాన్ని ఎప్పుడూ అన్నిటికంటే చివర కట్టించాను. గల్లీవాళ్ళు జరగవలసినంత జరిగాక మిగిలిన చోట తూము కట్టాలి. కాంట్రాక్టర్లు దీనికి విసుక్కునేవారు. నేను సర్వీసు పుస్తకం తీసి చూపించేవాణ్ణి.